ఎండాకాలం కంబళి మీద మంచు

పోయిన ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటాంటే, మా అన్న మనమరాలు సుశీల, ఆమె మొగుడు ప్రభాకరు కడప బస్సు దిగి వచ్చినారు. ఒక కిలో ఆపిల్ పండ్లు తెచ్చినారు. నాకు నోట్లో నాలుగు పళ్ళు మిగిలినాయని వాళ్ళకు తెలుసు, అయినా తెచ్చినారు. పెండ్లయి తొమ్మిదేండ్లయింది, పిల్లల్లేరు. కడపలో ఒక అనాథ ఆశ్రమంలో ఏడాదిన్నర ఆడపిల్లను చూసినారంట. మూడుసార్లు పోయి, ఎత్తుకొని, ఫోటో తీసుకొని, మళ్ళీ అక్కడే దించి వచ్చినారంట. నాలుగు నెలలుగా ప్రభువు సన్నిధిలో కనిపెడుతున్నారంట. ఈ కనిపెట్టడమనేది మా సంఘాల్లో శానా పెద్ద మాట. బయట లోకంలో కనిపెట్టడమంటే దొంగను పట్టుకోవడం. సంఘంలో కనిపెట్టడమంటే ఏ పనీ చేయకుండా కండ్లు మూసుకొని కూర్చోవడం. పిల్లను తెచ్చుకోమని దేవుడు పిలుస్తాండాడో లేదో తెలిసేదాకా కదిలేది లేదని ఇద్దరూ ఒక మాట అనుకున్నారంట. "అవ్వా, మన ఇంట్లో కంబళి అద్భుతం జరిగింది కదా, అది నీ నోట వినాలని వచ్చినాం. ముత్తాతకు పిలుపు ఎట్లా తెలిసిందో చెప్తే మాకూ దారి కనబడుతుంది" అని సుశీల నా కాళ్ళ దగ్గర కూర్చున్యాది.

ఆ అద్భుతం వాళ్ళు విన్నది మా నాయన చెప్పిన తీరులో. మా నాయన పోయి శానా కాలమయింది. ఎవరి కోసం అద్భుతం జరిగిందో ఆ మనిషి, మా మంచమ్మ, పోయిన ఏడాది పోయింది. ఇంక అసలు సంగతి చెబితే నొచ్చుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఆ రోజు వాళ్ళకు నోటితో చెప్పింది ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే చదివినోళ్ళే దిద్దుకోండి.

డోనుకు పత్తికొండకు నడుమ, రాళ్ళు బాగా పండే ఊరు మాది. మా నాయన దానియేలు ఆ ఊరి ఉపదేశి. అంటే తెల్లదొర మూడు నెలలకొకసారి వచ్చిపోతే, మిగతా దినాలన్నీ దొరకు బదులు వాక్యం చదివి, పాటలు నేర్పి, ప్రార్థన చేసేవాడు. ప్రార్థన చేయడంలో మా నాయనను మించినోడు ఆ తాలూకాలో లేడు. పొద్దుగూకే వేళకు అమ్మ సంగటి కెలికి ముద్దలు చేసి పెట్టేది. వేడి సంగటి వాసన, పక్కన రోట్లో నూరిన గొడ్డుకారం వాసన, మా కడుపుల్లో ఆకలి. అప్పుడు నాయన మోకాళ్ళూని మొదలుపెట్టేవాడు. మా ఇంటితో మొదలై, ఊరు, డోను, కర్నూలు దాటి, సముద్రం దాటి, రాజుగారి కుటుంబంలో ఒక్కొక్కరి ఆరోగ్యం అడిగి, అక్కడి నుంచి మెల్లగా తిరిగి వచ్చేవాడు. ఆయన తిరిగి వచ్చేటప్పటికి సంగటి ముద్ద మీద గోరు దిగేది కాదు. మా అవ్వ, అంటే నాయనకు తల్లి, సముద్రం దాటకముందే "ఆమెన్" అని గట్టిగా అనేది. నాయన కండ్లు తెరవకుండానే "ఇంకా ఉండాదమ్మా" అనేవాడు. "ఉంటే ఉండనీ, రాజు ఇంట్లో తిని పండుకొని ఉంటారు" అనేది అవ్వ.

ఆ ఏడు వానల్లేవు. అమ్మ రైలుకట్టకు కంకర కొట్టే కూలికి పొద్దున పోతే పొద్దుగూకి వచ్చేది. అవ్వకు కండ్లు సగం మసక. మా అన్న కర్నూలు బోర్డింగులో చదువుతుండె. నేను మూడో తరగతి ముగించినాను. దొరసాని వచ్చి నాచేత వాచకం చదివించి, బాగా చదివినానని బుగ్గ గిల్లి, తన పుస్తకంలో నా పేరు రాసుకుని పోయింది. ఎండాకాలం పోతానే నేనూ కర్నూలు ఆడపిల్లల బోర్డింగుకు పోవాల. రెండు పావడాలు కుట్టి పెట్టెలో పెట్టినారు. నేను రోజూ ఆ పెట్టె తెరిచి, చూసి, మూసేదాన్ని. కర్నూలులో తుంగభద్ర నీళ్ళతో రోజూ తలకు పోసుకోవచ్చని అన్న చెప్పినాడు. మా ఊర్లో ఒక చెంబు నీళ్ళతో మొగం, కాళ్ళు కడుక్కుని, మిగిలింది బచ్చలి పాదుకు పోసేవాళ్ళం. ఆ బోర్డింగు నాకు పరలోకం కన్నా దగ్గరగా, పరలోకం కన్నా బాగా ఉండేది.

అట్లాంటప్పుడు ఒక నేతపని ఇంటి ఆమె, నిండు గర్భిణి, మొగుణ్ణి వెతుక్కుంటా నడిచి వచ్చింది. మగ్గం ఆగిపోతే అతను షోలాపురం మిల్లులకని పోయినాడంట, మళ్ళీ జాడ లేదు. ఆమె మా ప్రార్థన మందిరం వసారాలో పడిపోయింది. మా అవ్వే పురుడు పోసింది. ఆడపిల్ల. మూడో దినం తల్లి పోయింది. నేతపేట పెద్దలకు కబురు పెడితే ఇద్దరొచ్చినారు. దూరంగా నిలబడి, పిల్ల మొగం కూడా చూడకుండా, "కిరస్తానం వాళ్ళ చేతిలో పాలు తాగిన పిల్లను మేం తీసుకోలేమప్పా" అన్నారు. పిల్లకు మూడు దినాలుగా పాలు పట్టకుండా ఉంటే తీసుకుపోతుంటిరా అని అవ్వ అడిగింది. వాళ్ళు వచ్చిన దారినే తిరిగి పోయినారు.

పిల్లను గంపలో పాత చీర వేసి పండుకోబెట్టినాం. దూది వత్తిని మేకపాలలో ముంచి నోట్లో పెడితే చీకేది. అమ్మ కూలికి పోవాల, అవ్వకు వత్తి ఏదో ముక్కు ఏదో తెలీదు. అందుకని ఆ పని నాది. రెండో దినమే అమ్మ నాతో దాచకుండా చెప్పింది. "రూతూ, ఈ పిల్ల ఈడ ఉంటే నువ్వు కర్నూలుకు పోయేది లేదు. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాల. ఉండేదానివి నువ్వే." నేను వినలేదన్నట్టు వత్తి పిండుకుంటా కూర్చున్నాను. విన్నాను, బాగా విన్నాను.

సంఘపెద్ద ఆశీర్వాదప్ప ఒకరోజు సాయంత్రం వచ్చినాడు. ఆయనకు బండి, ఎద్దులు ఉండేవి, అందుకని పెద్ద అయినాడు. వేరే కారణం ఏదైనా ఉందేమో నాకు ఈ రోజుకీ తెలీదు.

"దానేలప్పా, ఈ పిల్లను మనం పెట్టుకుంటే రేపు ఊర్లో మాట వస్తాది. కర్నూలు ఆశ్రమానికి పంపిద్దాం, దొరసాని చూసుకుంటాది. నేను ఎట్లాగూ ఉప్పుకని డోనుకు పోతాండా కదా. ఆ బండిలోనే వేసుకోని పోయి రైలెక్కిస్తా" అన్నాడు.

"రైల్లో పాలెవరు పడతారు, నువ్వా?" అంది అవ్వ.

"ఎవరో ఒక ఆడమనిషి ఉండదా రైల్లో."

"ఈ ఎండకు డోను దాకానే బతకదు. రైలు ఆడమనిషి దాకా యాడికి పోతావు."

మా నాయన ఇద్దరినీ చెయ్యెత్తి ఆపి, "మన తలంపులు వేరు, ప్రభువు తలంపు వేరు. ఈ పిల్లను పెంచమని నన్ను పిలుస్తాండాడా, లేదా? ఆ పిలుపు తెలీకుండా ఏ పనీ చేయగూడదు" అన్నాడు. ఆయన అట్లా అంటాండగానే గంపలో పిల్ల లేచి ఏడ్చింది. నేను లేచి పోయినాను. ఆ పిలుపు రోజుకు పది పన్నెండు సార్లు వినబడేది, ఊరవతలికి కూడా వినబడేది. కానీ నాయన వెతుకుతాండేది ఇంకా పైనుంచి వచ్చే పిలుపు.

మొదట వేదపుస్తకం తెరిచి చూసినాడు. కండ్లు మూసుకొని, ఏ పేజీ వస్తే ఆ పేజీ మీద వేలు పెట్టి, అదే దేవుని జవాబని నమ్మడం. మొదటిసారి ఎవరు ఎవరిని కన్నారో పేర్ల వరస వచ్చింది. నాయన దానిలో అర్థం కోసం ఒక పూట ఆలోచించినాడు. రెండోసారి గుడారం తెరలు ఎన్ని మూరలో కొలతలు వచ్చినాయి. మూడోసారి పావురాలను బలి ఇచ్చే పద్ధతి. "పావురాల సంగతి తర్వాత చూసుకుందువు, మేక ఈ పొద్దు పాలు తక్కువిచ్చింది, ఆ సంగతి చూడు" అంది అవ్వ.

అప్పుడాయనకు పాత నిబంధనలో ఒక న్యాయాధిపతి చేసిన పని గుర్తుకొచ్చింది. ఆయన రాత్రి కళ్ళంలో గొర్రెబొచ్చు పరిచి, పొద్దునకు బొచ్చు మీద మాత్రం మంచు ఉండి నేలంతా ఎండి ఉంటే దేవుడు పిలిచినట్టే అని గుర్తు అడిగినాడు. మా ఇంట్లో ఉన్న గొర్రెబొచ్చు అంతా నాయన నల్ల కంబళే. దాని మీదే పండుకునేవాడు, దాని మీదే మోకాళ్ళూనేవాడు. దాన్ని మూడు రాత్రులు వాకిట్లో పరుస్తానని, మూడు పొద్దుల్లో ఏ ఒక్క పొద్దున తడిసినా పిల్ల మాదేనని, తడవకపోతే ఆశీర్వాదప్ప బండి ఎక్కిస్తామని సంఘం ముందర ఒప్పుకున్నాడు. సంఘమంతా ఆమెన్ అన్యారు. ఎండాకాలంలో డోను పక్క మంచు ఎట్లా కురుస్తుందని ఒక్కరూ అడగలేదు. ఆ నెలలో మా ఊర్లో బాయి అడుగే తడిసి ఉండేది కాదు. ఆ న్యాయాధిపతి ఊర్లో మంచు కురిసేదేమో, గుర్తు అడిగినాడు. మా నాయన రాళ్ళు పగిలే ఎండల్లో అదే గుర్తు అడిగి, దేవునికి ఒక్క దారి కూడా లేకుండా చేసినాడు. తెలిసే చేసినాడా తెలీక చేసినాడా అని నేను శానా దినాలు ఆలోచించినాను. మొదటి పొద్దున కంబళి అప్పడం మాదిరి ఎండి ఉంటే, దాన్ని తడిమి నాయన నిట్టూర్చినాడు. ఆ నిట్టూర్పులో దుఃఖం ఎంతో, బరువు దిగిన సుఖం ఎంతో నాకు తెలీదు. రెండో పొద్దున కూడా అంతే.

మూడో పొద్దు కోడి కూసేవేళకు పిల్ల లేచింది. ఇంట్లో ఉక్క. పాలు పట్టినాక కూడా ఊరుకోలేదు. "బయట కొంచెం గాలి ఉంటాది, తీసుకుపో" అంది అవ్వ. వాకిట్లో నేల మీద పల్లేరుకాయలు. పరిచి ఉన్న మెత్తటిది ఒక్కటే. కంబళి మీద పిల్లను పండుకోబెట్టి, పక్కన కూర్చున్నాను. నాకు ఒక కునుకు పట్టింది. లేచి చూస్తే పిల్ల హాయిగా నిద్రపోతాంది, కంబళి నడుమ పెద్ద తడి. పిల్లను లోపలికి తీసుకుపోయి గుడ్డ మార్చి, తడి గుడ్డ చేత్తో పట్టుకొని బయటికి వస్తాంటే నాయన కంబళి ముందర మోకాళ్ళ మీద ఉన్నాడు. చెయ్యి కంబళి మీద. ఇంకో చెయ్యి పక్కన నేల మీద. నేల ఎండి ఉండాది, కంబళి తడి ఉండాది. కథలో రాసినట్టే ఉండాది.

నాయన పెట్టిన కేకకు సంఘం సగం మంది వచ్చినారు. ఆశీర్వాదప్ప బండి అప్పటికే కట్టి మా వాకిలి ముందర నిలబెట్టినాడు. ఆయన దిగి వచ్చి, వంగి, కంబళి తడిమి, ఆ వేళ్ళు నుదుట పెట్టుకున్నాడు. ఇంకో ముసలామె కండ్లకద్దుకుంది. అవ్వ గడపలో కూర్చొని ముక్కు ఒకసారి ఎగబీల్చి నా పక్కకు మొగం తిప్పింది. కండ్లు కనబడనోళ్ళకు ముక్కు బాగా పనిచేస్తాది.

నాయన నన్ను చూసినాడు. "రూతూ, నువ్వే కదా ముందు లేచింది. మంచు కురిసిందా?"

అందరూ నా పక్కకు తిరిగినారు. నా చేతిలో తడి గుడ్డ వెనక్కి పెట్టుకోని నిలబడినాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. పిల్ల బండెక్కేది, నేను కర్నూలు బోర్డింగెక్కేదాన్ని. పెట్టెలో పావడాలు కండ్ల ముందర కనబడినాయి. జాలి కలిగిందని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. కానీ నాకు కలిగింది కోపం. ఆ బండిలో ఉప్పు బస్తాలకని పరిచిన ఖాళీ గోనెలు కనబడినాయి. వాటి మీద ఈ పిల్లను పెట్టుకోని పోతాడు, ఎట్లాగూ పోతాండా కదా అని పోతాడు, వచ్చేటప్పుడు ఉప్పు తెస్తాడు.

"తడి ఉండాది నాయనా" అన్నాను. అది అబద్ధం కాదు.

ఆ దినం నుంచి మా నాయనకు పిలుపు వచ్చింది, నాకు పని వచ్చింది. పిల్లకు ఆయన మంచమ్మ అని పేరు పెట్టినాడు, మంచు మీద దొరికిందని. మా ఊరోళ్ళకు మంచుతో ఎప్పుడు పని పడింది కనక, వాళ్ళకు అది మంచం అని వినబడింది. "ఏం పేరప్పా అది, తర్వాత పుట్టేవాళ్ళకు పీట అని పెడతావా" అని నవ్వినారు. దొరసాని వచ్చి నా కోసం అడిగితే, "దేవుడు మాకు పరిచర్య అప్పగించినాడమ్మగారూ, రూతు రావడానికి లేదు" అన్నాడు నాయన. ఆ 'మాకు' అనే మాటలో ఉన్నది నేనొక్కదాన్నే. దొరసాని మంచిది, బాధపడింది, పుస్తకంలో నా పేరు కొట్టేసి ఇంకో పిల్ల పేరు రాసుకుంది. ఆ పావడాలు మంచమ్మకు మూడేండ్లప్పుడు చింపి, రెండు గౌన్లు కుట్టినాను. గుడ్డ పారేయడం మా ఇంట్లో లేదు.

నాయన ఆ కంబళిని మడిచి చంకన పెట్టుకొని ఊరూరా సాక్ష్యం చెప్పడానికి పోయేవాడు. పత్తికొండలో చెప్పినాడు, ఓర్వకల్లులో చెప్పినాడు, కర్నూలు మహాసభల్లో చెప్పినాడు. మొదటి ఏడు ఆయన సాక్ష్యంలో కంబళి చెమ్మగా ఉండె. రెండో ఏటికి పిండితే నీళ్ళు కారినాయి. మంచమ్మకు పాలపళ్ళు ఊడేటప్పటికి చెంబు నిండింది. నేను బిడ్డను ఒళ్ళో పెట్టుకోని ఆడవాళ్ళ వరసలో కూర్చొని వినేదాన్ని. ఆమెకు తట్టు వచ్చిన పది దినాలు ఆయన కోయిలకుంట్ల పక్క ఆమె గురించే ప్రసంగం చేస్తాండె. ఇంట్లో ఆమెకు వేపాకు నీళ్ళు పోసింది నేను, గోకకుండా చేతులు పట్టుకుంది నేను. నేను కాపురానికి పోతాంటే ఏడేండ్ల మంచమ్మ నా వెనకే వచ్చింది. మా అత్తగారు "ఇదెవరు" అంటే "నాతో వచ్చేది" అన్నాను. దేవుడు నాయనకిచ్చిన పిల్ల ఆయన ఇల్లు విడిచి ఏండ్లయినా, ఆయన ప్రసంగంలో మాత్రం అట్లాగే పెరుగుతా ఉండె.

ఆమెను బడికి పంపినాను. ఆమె పలక మీద రాసినవన్నీ పొయ్యి ముందర కూర్చొని నేనూ చూసుకునేదాన్ని. మూడో తరగతి తర్వాత నాకు వచ్చిన అక్షరం ఏదైనా ఉంటే ఆ పలక మీది నుంచి వచ్చిందే. ఆమెకు నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. దొరలు పెట్టెలు సర్దుకుంటాండే రోజులవి. పోయే ముందు దినం తల దువ్వుతా కంబళి సంగతి మొత్తం చెప్పేసినాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పుట్టినప్పటి నుంచి మంచు కురిపించి దేవుడు తెచ్చిన పిల్లనని విని పెరిగింది కదా.

"నీ బోర్డింగు పోయిందని నాకు ఎప్పుడూ చెప్పలేదే అక్కా" అంది.

"చెబితే ఏం చేస్తుంటివి, ఎనిమిది దినాల పిల్లవు."

"తర్వాతైనా."

"తర్వాత చెబితే నువ్వు నాకు బాకీ ఉన్నట్టు అనుకుంటావు. నేను నిన్ను బాకీకి పెంచలేదు."

ఆమె జడ నా చేతిలోంచి లాక్కుని తానే అల్లుకుంది. మర్నాడు బస్సు కాడ, "నాయనకు మాత్రం చెప్పొద్దు" అంది. చెప్పలేదు. మంచు అలాగే చెంబు నిండా ఉండగానే ఆయన ప్రభువులో నిద్రించినాడు.

అప్పటికీ ఇప్పటికీ ఏమి మారింది అంటే, అప్పుడు సంఘం కంబళి పరిచి చూసేది, ఇప్పుడు వీళ్ళు మూడు షరతులు రాసుకోని చూస్తాండారు. పిల్ల ఆరోగ్యంగా ఉండాల, ప్రభాకరు వాళ్ళమ్మ ఒప్పుకోవాల, ఫలానా తారీకు లోపల మూడో మనిషి నోట ఒక వాక్యం రావాల. అప్పుడు పిల్ల గంప మా ఇంట్లోనే ఉండె, ఎంత పిలుపు వెతుక్కున్నా ఏడుపు చెవిలో పడేది. ఇప్పుడు పిల్లను దూరంగా ఒక ఇంట్లో ఉంచి, కనిపెట్టేవాళ్ళు ఇంకో ఇంట్లో ఫ్యాను కింద కూర్చొని ఉంటారు, ఏ శబ్దమూ అడ్డం రాదు. మా నాయన మూడు రాత్రులు పెట్టుకున్నాడు, వీళ్ళు నాలుగు నెలలు పెట్టుకున్నారు. ఆ లెక్కన మా నాయనే మేలు.

నేను చెప్పేదంతా విని సుశీల నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ప్రభాకరు మాత్రం బాగా నొచ్చుకున్నాడు. "అయితే అవ్వా, అది దేవుని పిలుపు కాదంటావా?" అన్నాడు.

"నాకేం తెలుసప్పా. నన్నెవరూ పిలవలేదు, నేను లేచి పోయినా. నేనొకటి అడుగుతా చెప్పు. ఆ పిల్ల రాత్రి ఏడిస్తే ఆ ఆశ్రమంలో ఎవరు లేస్తాండారు?"

"కనుక్కోలేదవ్వా" అంది సుశీల.

"నాలుగు నెలలు కనిపెట్టినారు, ఇది కనుక్కోలేదు."

ప్రభాకరు తల దించుకోని, పోయే ముందు ఒక చిన్న ప్రార్థన చేయమని అడిగినాడు. అన్నం పొయ్యి మీద ఉంది, కడపకు బస్సు మూడింటికి. వాళ్ళ చెప్పులు గడప కాడ ఉండాయి. ప్రార్థనకు కండ్లు మూసుకోకుండా, వాటినే చేత్తో చూపించినాను.